అణువులలో ఎంపికను కొలవడం ఎలా?

ఖమ్మం నుండి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా ప్రయాణించి సారపాక వద్ద గోదావరి వంతెన దాటితే భద్రాచలం వస్తుంది. అక్కడి నుండి దుమ్ముగూడెం, చర్ల వైపు సాగే దారిలో ఇప్పచెట్లు, తునికి పొదలు, తాళ్ళు, వాటి నడుమ కోయల పల్లెలు కనిపిస్తాయి. కొంతకాలం క్రిందట ఆ ప్రాంతంలో పనిచేస్తున్న ఒక ఉపాధ్యాయ మిత్రుని కోరికపై, సికిల్ సెల్ వ్యాధిని గురించిన ఒక చిన్న కరపత్రాన్ని తెలుగు చేసి ఇచ్చాను. దానిని ఒక పల్లెలో చదివి వినిపించే రోజున నన్ను కూడా వెంట తీసుకొని వెళ్ళారు. చదవడం ముగిసిన తరువాత ఒక కోయ పెద్దాయన నా వైపు తిరిగి, “సారూ, అయితే మా రక్తం చెడ్డదంటారా?” అని అడిగాడు.

తప్పు నాదే. ఆ కరపత్రంలో “మార్పు” అని వ్రాయవలసిన చోట నేను “లోపం” అని వ్రాశాను. “కాదు పెద్దయ్యా, అలా కాదు” అని మాత్రం అనగలిగాను. ఎందుకు కాదో చెప్పడానికి ఆ పూట నా దగ్గర తగిన మాటలు లేవు. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు సమాధానం వెదికే ప్రయత్నమే. ఆ సమాధానంలోనే మన పాఠకులను చాలాకాలంగా కలవరపెడుతున్న మరొక ప్రశ్న కూడా ఇమిడి ఉన్నది. జీవులలో పరిణామం, ఎంపిక జరుగుతాయని విజ్ఞానశాస్త్రజ్ఞులు చెబుతారు. అది కేవలం ఒక కథనమా, లేక తూచి, లెక్కించి చూపగలిగిన విషయమా? కొలవగలిగితే ఆ కొలత ఏమి చెబుతుంది, ఏమి చెప్పదు?

మాటల వలన కలిగే చిక్కు

ముందుగా పదాలను గురించి కొంత చెప్పవలసి ఉన్నది. డార్విన్ గ్రంథం 1859లో వెలువడింది. దానిలోని కొన్ని అధ్యాయాలను ఈజిప్టు రచయిత ఇస్మాయీల్ మజ్‌హర్ 1918లో అరబీలోకి తెచ్చాడు. ఈ విషయానికి అరబీ, ఉర్దూ భాషలలో స్థిరపడిన పదాలలో ఒకటి “ఇర్తిఖా”. దాని అర్థం పైకి ఎక్కడం, ఉన్నతి పొందడం. తెలుగులో మనం వాడే “పరిణామం” అనే పదానికి మారడం అని మాత్రమే అర్థం. శాస్త్రం చెప్పే విషయానికి తెలుగు పదమే దగ్గరగా ఉన్నది. ఎందుకంటే శాస్త్రంలో మార్పు ఉన్నది గాని, ప్రతి మార్పూ ఉన్నతి అనే హామీ ఏదీ లేదు.

ఇక రెండవ పదం “ఇంతిఖాబ్”. ఉర్దూ పత్రికలు చదివేవారికి ఆ మాట వినగానే ఎన్నికలు గుర్తుకు వస్తాయి. తెలుగు పాఠ్యపుస్తకాలలోని “ప్రకృతి వరణం” అనే మాట వింటే స్వయంవరం తలపునకు వస్తుంది. రెండింటిలోనూ ఎంచుకొనే వ్యక్తి ఒకరు కళ్ళ ముందు నిలబడతారు. శాస్త్రజ్ఞుడు ఆ మాటను అలా వాడడు. కొన్ని మిగిలి వృద్ధి చెందాయి, కొన్ని మిగలలేదు. ఆ తేడా కాకతాళీయంగా గాక, వాటి గుణాన్ని బట్టి ఏర్పడింది. ఇంతమాత్రమే ఆయన చెప్పేది. ఈ వ్యాసంలో “ఎంపిక” అన్న చోటల్లా పాఠకులు ఈ అర్థాన్నే తీసుకోవాలని మనవి.

ఈ తేడాను వేయి సంవత్సరాల క్రిందటే గమనించిన విద్వాంసుడు అల్‌బెరూనీ. క్రీ.శ. 1030 ప్రాంతంలో భారతదేశాన్ని గురించి వ్రాసిన గ్రంథంలో ఆయన ఒక పోలిక చెబుతాడు. రైతు తనకు కావలసిన పైరును ఉంచి తక్కినది పెరికివేస్తాడు; అడవిలో పనిచేసేవాడు మంచి కొమ్మలను విడిచి తక్కినవి నరికివేస్తాడు. ప్రకృతి కూడా ఇటువంటి పనే చేస్తుంది గాని, అది ఇది మంచిది, అది చెడ్డది అని వేరుచేసి చూడదని ఆయన వెంటనే అంటాడు. అల్‌బెరూనీ జీవజాతుల పరిణామాన్ని చెప్పాడని మనం గొప్పలకు పోనక్కరలేదు. ఆయన చర్చిస్తున్న విషయం వేరు. కాని పంజాబులోని నందనా కోట వద్ద కొండ ఎత్తును, దిగంతపు వాలును కొలిచి భూమి వ్యాసార్ధాన్ని లెక్కకట్టిన ఆ మనిషి, లోహాలను, రత్నాలను నీటిలో తూచి వాటి సాంద్రతలను నిర్ణయించిన ఆ మనిషి మనకు నేర్పిన పద్ధతి ఒకటి ఉన్నది. వివాదం ఉన్న చోట ముందు కొలవాలి, తరువాత మాట్లాడాలి.

హిమోగ్లోబిన్ అనే అణువు

మన రక్తానికి ఎరుపునిచ్చి, ఊపిరితిత్తుల నుండి ప్రాణవాయువును దేహమంతటికీ మోసుకొనిపోయేది హిమోగ్లోబిన్. ఒక్క ఎర్రరక్తకణంలో సుమారు 27 కోట్ల హిమోగ్లోబిన్ అణువులు ఉంటాయి. పెద్దవారిలో ఉండే ప్రధానమైన హిమోగ్లోబిన్‌లో నాలుగు గొలుసులు కలిసి ఉంటాయి. రెండు ఆల్ఫా గొలుసులు, రెండు బీటా గొలుసులు. అమైనో ఆమ్లాలు అనే చిన్న పూసలను వరుసగా గుచ్చితే గొలుసు ఏర్పడుతుంది. ఆల్ఫా గొలుసులో 141 పూసలు, బీటా గొలుసులో 146 పూసలు, మొత్తం 574. పూసల రకాలు 20 మాత్రమే. ఏ పూస తరువాత ఏ పూస రావాలో జన్యువు నిర్ణయిస్తుంది.

సికిల్ సెల్ వ్యాధి ఈ అణువులో వచ్చిన మార్పేనని 1949లో లైనస్ పాలింగ్, ఆయన సహచరులు చూపారు. ఆ మార్పు ఎక్కడ ఉన్నదో 1950లలో వెర్నన్ ఇంగ్రామ్ కనిపెట్టాడు. బీటా గొలుసులోని 146 పూసలలో ఆరవది ఒక్కటే మారింది. గ్లుటామిక్ ఆమ్లం ఉండవలసిన చోట వాలిన్ వచ్చింది. ఈ ఒక్క మార్పు వలన, ప్రాణవాయువు తగ్గినప్పుడు హిమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కొని పొడవైన దారాలవుతాయి. గుండ్రని రక్తకణం కొడవలిలా వంగుతుంది. అటువంటి కణాలు సన్నని రక్తనాళాలలో ఇరుక్కొని భరింపరాని నొప్పులు, రక్తహీనత కలిగిస్తాయి.

ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా గమనించాలి. ప్రతి మనిషికీ ఈ జన్యువు తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి, మొత్తం రెండు ప్రతులు వస్తాయి. రెండూ మారినవైతే వ్యాధి. ఒక్కటే మారినదైతే ఆ మనిషి వాహకుడు. అతడు సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటాడు. అంతేకాదు, అతనికి ఒక మేలు కూడా ఉన్నది. ప్రాణాంతకమైన మలేరియా అతనిని అంత సులభంగా కబళించలేదు. తలసీమియా వాహకులకు మలేరియా నుండి రక్షణ ఉండవచ్చునని 1949లో జె.బి.ఎస్. హాల్డేన్ సూచించాడు. ఈ ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1957లో భారతదేశానికి వచ్చి స్థిరపడి, 1964లో భువనేశ్వర్‌లో మరణించాడు. సికిల్ సెల్ విషయంలో ఇదే సంగతిని తూర్పు ఆఫ్రికాలో పరీక్షలు చేసి 1954లో ఆంథొనీ ఆలిసన్ నిరూపించాడు. మన దేశంలో ఈ జన్యువు ఉన్నట్లు 1952లో నీలగిరి గిరిజనులలో మొదటిసారి కనుగొన్నారు. ఆ తరువాత మధ్య భారతం నుండి గోదావరి అడవుల వరకు, అనగా మన్యపు జ్వరం తరతరాలుగా మనుషులను బలిగొన్న ప్రదేశాలలోనే, అది అధికంగా కనిపించింది.

తూర్పు సౌదీ అరేబియాలోని అల్‌అహ్సా, ఖతీఫ్ ఒయాసిస్‌లలో కనిపించే సికిల్ జన్యువు, భారతదేశపు సికిల్ జన్యువు ఒకే రకమైన జన్యు నేపథ్యంలో ఉన్నవని, ఆఫ్రికాలోని వాటితో సంబంధం లేకుండా ఇవి ఆసియాలో విడిగా పుట్టినవని 1986లో ఒక పరిశోధన చూపింది. దీనిని శాస్త్రంలో అరబ్–ఇండియా రకం అని పిలుస్తున్నారు.

వందమంది శిశువుల లెక్క

ఇప్పుడు అసలు కొలతకు వద్దాం. ఒక పల్లెలో సికిల్ జన్యువు ప్రతి పది జన్యువులలో ఒకటిగా ఉన్నదనుకుందాం. ఇది ఏ పల్లె గణాంకమూ కాదు. లెక్క కోసం తీసుకున్న ఊహ మాత్రమే. అక్కడ వందమంది శిశువులు పుడితే, గణిత సూత్రం ప్రకారం వారిలో 81 మందికి రెండు ప్రతులూ మామూలువి, 18 మంది వాహకులు, ఒక్కరికి మాత్రం రెండు ప్రతులూ మారినవి.

ఆ ఒక్క శిశువు, వైద్యం లేని కాలంలో, పెరిగి పెద్దయి సంతానం కనేంతవరకు బ్రతకడనుకుందాం. అతనితోపాటు రెండు సికిల్ జన్యువులు పోతాయి. మొత్తం సికిల్ జన్యువులు 20 కాబట్టి, పదో వంతు పోయినట్లు. ప్రతి తరంలోనూ ఇలా పదో వంతు పోతూ ఉంటే ఆ జన్యువు క్రమంగా తరిగిపోవాలి. కాని అది తరగకుండా నిలిచి ఉన్నది. అలా నిలవాలంటే అవతలి పక్షంలో కూడా అదే నిష్పత్తిలో నష్టం జరగాలి. మామూలు జన్యువులు 180. వాటిలో పదో వంతు 18. అంటే మామూలు ప్రతులు రెండేసి ఉన్న 81 మంది శిశువులలో 9 మంది, వాహకులు తప్పించుకొన్న మలేరియాకు బలి కావాలి.

ఎంపికను కొలవడమంటే ఇదే. ఒకవైపు ఒక్క శిశువు, మరొకవైపు తొమ్మిది మంది. త్రాసు రెండు వైపులా సమంగా నిలబడిన చోట జన్యువు ఆగిపోతుంది. జన్యువు ఎంత తరచుగా కనిపిస్తున్నదో లెక్కిస్తే, పూర్వం ఆ అడవిలో మలేరియా ఎంతమందిని తీసుకొనిపోయిందో అంచనా వేయవచ్చును. పుస్తకాలలో “ఎంపిక గుణకం” అనే పొడి మాటగా కనిపించేది, వాస్తవానికి ఎవరూ లెక్కపెట్టని పసిపిల్లల సమాధుల సంఖ్య.

కోయ పెద్దాయన ప్రశ్నకు సమాధానంలో మొదటి భాగం ఇక్కడ దొరుకుతుంది. ఆ జన్యువు ఆయన పూర్వీకులలో నిలిచినది వారి రక్తం చెడ్డదై కాదు. జ్వరాల అడవిలో దానిని ఒక్క ప్రతిగా మోసినవారు బ్రతికి బట్టకట్టారు కనుక నిలిచింది. అయితే మలేరియా తగ్గిన చోట మేలు పోయి కీడు మాత్రమే మిగులుతుంది. అదే జన్యువు, అదే రక్తం, కాలం మారింది.

కోయదొరల పేరు గల హిమోగ్లోబిన్

కోయల రక్తంలో శాస్త్రజ్ఞులు చూసినది సికిల్ మార్పు ఒక్కటే కాదు. 1975లో ‘అమెరికన్ జర్నల్ ఆఫ్ హ్యూమన్ జెనెటిక్స్’లో ఒక పరిశోధన ప్రచురితమైంది. ఆంధ్రప్రదేశ్‌లోని కోయదొరలలో కొత్త రకం హిమోగ్లోబిన్ అధిక సంఖ్యలో కనిపించిందని దాని సారాంశం. దానికి “హిమోగ్లోబిన్ కోయదొర” అనే పేరు స్థిరపడింది. పరిశోధకులు ముగ్గురు: డి యాంగ్, పి. మీరా ఖాన్, బెర్నీనీ. ఈ మీరా ఖాన్ హాలెండ్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన జన్యుశాస్త్రజ్ఞుడు. అంతకు ముందే, 1963లో, హాల్డేన్ శిష్యుడైన ద్రోణంరాజు కృష్ణారావుతో కలిసి ఆంధ్రప్రదేశ్‌లోని రక్తసంబంధీకుల వివాహాలను గురించి పరిశోధనా వ్యాసం ప్రచురించినవాడు కూడా ఆయనే.

ఈ హిమోగ్లోబిన్‌లోని వింత ఏమిటి? ఆల్ఫా గొలుసు 141వ పూస వద్ద ఆగాలి. “ఇక్కడితో చాలు” అని చెప్పే గుర్తు జన్యువులో అక్కడ ఉంటుంది. వాక్యం చివర చుక్క వంటిదనుకోండి. కోయదొర రకంలో ఆ గుర్తులోని ఒక్క అక్షరం మారి, ఆగవలసిన చోట సెరిన్ అనే పూస చేరింది. చుక్క లేని వాక్యం సాగిపోయినట్లు గొలుసు మరి 31 పూసలు సాగి, 172 వద్ద ఆగింది.

ఇది మన చర్చకు ఎంతో ముఖ్యమైన ఉదాహరణ. గొలుసు పొడవైంది, మరింత సంక్లిష్టమైంది. అంత మాత్రాన అది మేలైందా? కాలేదు. అటువంటి పొడవైన గొలుసులు రక్తంలో చాలా స్వల్పంగానే తయారవుతాయి. పొడవు పెరగడం, మెట్టు ఎక్కడం ఒకటి కావు. “ఇర్తిఖా” అనే పదాన్ని నమ్ముకొని ఆలోచిస్తే ఇక్కడ పొరబడతాము.

మరి ఆ మార్పు అంతమందిలో ఎందుకున్నది? ఇక్కడ నిజాయితీగల శాస్త్రజ్ఞుడు రెండు సమాధానాలను ఎదుట పెట్టుకుంటాడు. ఒకటి ఎంపిక, ఆల్ఫా గొలుసు తయారీ తగ్గడం వలన మలేరియా నుండి రక్షణ కలిగి ఉండవచ్చును. రెండవది కేవలం యాదృచ్ఛికం. చిన్న సమూహంలో ఒక పూర్వీకునికి కలిగిన మార్పు, తమలో తాము పెండ్లాడే కుటుంబాల ద్వారా, ఏ మేలూ లేకుండానే వ్యాపించవచ్చును. ఒకే ఒక్క మార్పును చూసి ఈ రెండింటిలో ఏది నిజమో తేల్చడం కష్టం.

తేల్చే మార్గం 1988లోను, 1991లోను అదే లైడెన్ బృందం ప్రచురించిన పరిశోధనలలో కనిపిస్తుంది. మామూలుగా ఆల్ఫా గొలుసు జన్యువులు పక్కపక్కనే రెండు ఉంటాయి. వాటిలో ఒకటి జారిపోతే దానిని ఆల్ఫా తలసీమియా అంటారు. ఆంధ్రప్రదేశ్ అడవి జాతులలో ఇది విస్తారంగా ఉన్నదని, అయితే అది ఒకే పూర్వీకుని నుండి రాలేదని, జన్యువులు తెగి అతుక్కొనే సంఘటనలు అనేకసార్లు విడివిడిగా జరిగి ఉంటాయని వారు చూపారు. అంతకు ముందే, 1986లో, పసిఫిక్ దీవులలో మలేరియా ఎంత ఉన్నదో ఆల్ఫా తలసీమియా కూడా అంతకు తగినట్లే ఉన్నదని మరొక బృందం నిరూపించింది. ఒక లాటరీ టికెట్టుకు బహుమతి వస్తే అదృష్టం అనవచ్చు. ఒకే ఊరిలో వేరువేరు ఇళ్ళవారికి మళ్ళీ మళ్ళీ వస్తే అదృష్టం అని ఊరుకోలేము, కారణం వెదకాలి. ఎంపిక జరిగిందనడానికి గుర్తు ఇదే. ఒక మార్పు ఎంత విచిత్రమైనదన్నది చాలదు. అది ఎన్నిసార్లు, ఎన్ని ప్రతులుగా నిలిచిందన్నది కూడా చూడాలి.

తస్బీహ్ పూసలతో ఒక లెక్క

ఇంతవరకు మనం చెప్పుకొన్న కొలతకు మనుషులు కావాలి, కుటుంబాలు కావాలి, తరాలు కావాలి. ఇవేవీ లేకుండా, చేతిలో ఒక పదార్థం మాత్రమే ఉంటే? ఆకాశం నుండి రాలిన ఉల్క ముక్కో, మరొక గ్రహం నుండి తెచ్చిన ధూళో ఉన్నదనుకోండి. దానిలోని అణువులను చూసి, అవి ఎంపిక జరిగిన చోట పుట్టినవో కాదో చెప్పగలమా? ఈ ప్రశ్నకు గ్లాస్గోలోని లీ క్రోనిన్, అరిజోనాలోని సారా వాకర్, వారి సహచరులు ఇటీవలి సంవత్సరాలలో ఒక సమాధానం ప్రతిపాదించారు. ఇంగ్లీషులో దానిని అసెంబ్లీ సిద్ధాంతం అంటారు. శాసనసభతో దీనికేమీ సంబంధం లేదు. అసెంబ్లీ అనగా ఇక్కడ కూర్పు. కాబట్టి కూర్పు సిద్ధాంతం అందాం.

దీనిని మన చేతిలోని తస్బీహ్‌తో తెలుసుకోవచ్చును. ఒకే రకమైన 99 పూసలను వరుసగా కలపాలి. ఒక్కొక్క పూసనే చేర్చుకుంటూ పోతే 98 సార్లు కలపవలసి ఉంటుంది. కాని ఒకసారి తయారైన ముక్క వంటిది మళ్ళీ కావాలంటే ఉచితంగా దొరుకుతుందనే నియమం పెట్టుకుంటే? 1, 1 కలిపి 2. 2, 2 కలిపి 4. ఆపై 8, 16, 32. దానికి ఒకటి చేర్చి 33. ఇవి ఆరు కూర్పులు. 33కు 33 కలిపి 66. మరొక 33 కలిపి 99. మొత్తం ఎనిమిది కూర్పులతో పని ముగిసింది. ఇంతకంటె తక్కువలో కాదు. కాబట్టి ఈ వరుసకు “కూర్పు సంఖ్య” 8. అదే 99 పూసలూ 99 రకాలైతే ముక్కలను మళ్ళీ వాడుకొనే వీలు లేదు. అప్పుడు కూర్పు సంఖ్య 98.

అణువులకు కూడా ఇదే లెక్క. పరమాణువుల మధ్య బంధాలతో మొదలుపెట్టి, తయారైన భాగాలను మళ్ళీ వాడుకుంటూ, ఆ అణువును కూర్చడానికి అతి తక్కువ మెట్లు ఎన్ని కావాలో చూస్తారు. ప్రయోగశాలలో ద్రవ్యరాశి వర్ణపటమాపకం అనే పరికరంతో అణువును ముక్కలు చేసి, ఎన్ని రకాల ముక్కలు వచ్చినవో చూసి కూడా ఈ సంఖ్యను అంచనా వేస్తారు. సుమారు వంద అణువులను, జీవసంబంధమైన పదార్థాలను, ఉల్క నుండి తీసిన పదార్థాన్ని ఇలా పరీక్షించి 2021లో వారు ఫలితాలు ప్రకటించారు. వారు పరీక్షించిన వాటిలో కూర్పు సంఖ్య 15 దాటిన అణువులు జీవుల నుండి వచ్చినవాటిలోనే కనిపించాయి.

రెండవ మెట్టు 2023 అక్టోబరులో ‘నేచర్’ పత్రికలో వచ్చిన వ్యాసం. ఎంపికను కొలవడానికి కూర్పు సంఖ్య ఒక్కటే చాలదని, ప్రతుల సంఖ్య కూడా కావాలని అందులో వారు చెప్పారు. వారి సూత్రాన్ని మాటలలో చెబితే ఇలా ఉంటుంది: కూర్పు సంఖ్య పెరిగేకొద్దీ ఆ అణువు విలువ గుణిజాలుగా పెరుగుతుంది, ఆ విలువను ప్రతుల సంఖ్యలో ఒకటి తీసివేసి మిగిలిన దానితో గుణించాలి, ఇలా అన్ని రకాలకూ చేసి కలిపి, మొత్తం వస్తువుల సంఖ్యతో భాగించాలి. ఒకటి ఎందుకు తీసివేయాలి? ఎంత క్లిష్టమైన అణువైనా ఒక్క ప్రతే ఉంటే అది ఏదో యాదృచ్ఛికం కావచ్చును. దానికి విలువ సున్నా. అదే క్లిష్టమైన అణువు కోట్ల ప్రతులుగా ఉంటే, దానిని మళ్ళీ మళ్ళీ తయారుచేసే ఏర్పాటు ఏదో ఒకటి అక్కడ ఉండి తీరాలి.

ఉదాహరణకు మన పెరటి వేపచెట్టునే చూడండి. పురుగులను దూరంగా ఉంచే అజాడిరక్టిన్ అనే అణువును వేపగింజల నుండి 1968లో వేరుచేశారు. దాని నిర్మాణం 1985లో తేలింది. ప్రయోగశాలలో దానిని కృత్రిమంగా తయారుచేయడానికి స్టీవెన్ లే బృందానికి 22 సంవత్సరాలు, 71 రసాయన చర్యలు పట్టాయి. 2007లో ఆ పని పూర్తయింది. (ఈ 71, కూర్పు సంఖ్య ఒకటి కావు. కూర్పు సంఖ్య కాగితం మీది అతి దగ్గరి దారి.) ఆ అణువును వేపచెట్టు ఏటేటా గింజ గింజలోనూ తయారుచేసుకొంటున్నది. చెట్టు వెనుక ఎంత పొడవైన చరిత్ర ఉన్నదో ఆ అణువే సాక్ష్యం చెబుతున్నది.

హిమోగ్లోబిన్‌కు ఈ దృష్టితో తిరిగి వస్తే మరొక సంగతి బోధపడుతుంది. ఆల్ఫా, బీటా గొలుసులు ఒకదానినొకటి పోలి ఉంటాయి. ఒక పురాతన జన్యువుకు నకలు ఏర్పడి, రెండూ వేరువేరుగా మారుతూ రావడమే దానికి కారణమని శాస్త్రజ్ఞులు చెబుతారు. ఆల్ఫా జన్యువులు పక్కపక్కనే రెండు ఉండటం కూడా నకలు వలననే. తస్బీహ్ లెక్కలో మనం 33ను మూడుసార్లు వాడుకొన్నట్లు, జీవచరిత్రలో కూడా తయారైన భాగం మళ్ళీ వాడబడింది.

ఈ కొలతపై గల అభ్యంతరాలు

కూర్పు సిద్ధాంతం ఇంకా అందరూ అంగీకరించిన సత్యం కాలేదని పాఠకులకు స్పష్టంగా చెప్పాలి. కంప్యూటరులో దస్త్రాలను కుదించే పద్ధతులు ఎంతోకాలంగా ఇటువంటి లెక్కనే చేస్తున్నవని, ఇందులో కొత్తదనం లేదని హెక్టర్ జెనిల్ తదితరులు వాదించారు. కొన్ని ఖనిజాలలోని పెద్ద అయానులకు లెక్క కడితే, జీవంతో సంబంధం లేకుండానే 15 దాటిన సంఖ్యలు వస్తున్నవని రాబర్ట్ హేజెన్ బృందం 2024లో చూపింది. కాబట్టి ఆ 15 అనే హద్దును రాతిగీతగా భావించరాదు. అయితే క్లిష్టతను, ప్రతుల సంఖ్యను కలిపి చూడాలనే మూల ఆలోచన మాత్రం, కోయదొర హిమోగ్లోబిన్ విషయంలో మనం చూసిన వివేకానికి దగ్గరగానే ఉన్నది.

కొలత చెప్పేది, చెప్పనిది

మన వేదికల మీద ఒక వాదం తరచుగా వినిపిస్తుంది. 146 పూసల గొలుసును 20 రకాల పూసలతో గుచ్చడానికి గల మార్గాలను లెక్కిస్తే, 1 తరువాత దాదాపు 190 సున్నాలు పెట్టవలసినంత సంఖ్య వస్తుంది. కనుక హిమోగ్లోబిన్ ఒక్కసారిగా కాకతాళీయంగా ఏర్పడడం అసాధ్యం. కనుక పరిణామం అబద్ధం అంటారు. లెక్క సరైనదే. కాని ఒక్కసారిగా ఏర్పడిందని ఏ శాస్త్రజ్ఞుడూ అనడం లేదు. 99 పూసలు ఎనిమిది మెట్లలో కూర్చబడినట్లు, భాగాలు నిలిచి, నకళ్ళయి, మళ్ళీ వాడబడినవని వారి మాట. ఎదుటివారు అనని మాటను ఖండించి గెలిచామనుకోవడం విద్వాంసుల లక్షణం కాదు.

అవతలి పక్షంలోనూ ఒక తొందరపాటు ఉన్నది. ఎంపికను కొలవగలిగాము కాబట్టి సృష్టికర్త అవసరం లేదని కొందరు అంటారు. ఆ మాటను కూడా ఈ కొలత అనలేదు. ఒక్క శిశువు, తొమ్మిది మంది శిశువులు అనే త్రాసు ఎలా నిలబడిందో అది చెబుతుంది. ఆ శిశువుల ప్రాణం విలువ ఎంతో, అసలు ప్రాణం ఎందుకున్నదో అది చెప్పదు. చెప్పగలనని కూడా అనదు. వర్షం ఎలా కురుస్తుందో తెలుసుకొన్నంత మాత్రాన దానిని అల్లాహ్ కారుణ్యంగా భావించడం మనం మానలేదు గదా. కొలతను కొలతగా స్వీకరించి, దాని హద్దు దగ్గర దానిని ఆపడం మనకు తగిన మార్గం.

ఈ జ్ఞానానికి ఆచరణలో కూడా ప్రయోజనం ఉన్నది. 2023 జూలై 1న భారత ప్రభుత్వం సికిల్ సెల్ నిర్మూలనకు జాతీయ కార్యక్రమం ప్రారంభించింది. గిరిజన ప్రాంతాలలో 40 సంవత్సరాల లోపు వయస్సు గల 7 కోట్ల మందికి రక్తపరీక్షలు జరపాలని, 2047 నాటికి ఈ వ్యాధి ప్రజారోగ్య సమస్యగా మిగలకుండా చేయాలని దాని లక్ష్యం. హైడ్రాక్సీయూరియా వంటి మందులతో వ్యాధిగ్రస్తుల బాధ చాలావరకు తగ్గించవచ్చును. వాహకులు ఇద్దరు పెండ్లాడితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాల్గింట ఒక వంతు. ఒక వాహకుడు, రెండు ప్రతులూ మామూలువైన మరొకరు పెండ్లాడితే బిడ్డకు ఈ వ్యాధి రాదు. పరీక్ష ఎందుకో ఈ ఒక్క వాక్యంతో తెలుస్తుంది.

ఇది కోయల సంగతే అనుకోవద్దు. మేనరికాలు, చిన్నాన్న పెదనాన్న బిడ్డల మధ్య వివాహాలు మన ఇళ్ళలోనూ ఉన్నవి. దగ్గరి బంధువులలో ఒకే పూర్వీకుని నుండి వచ్చిన మార్పు ఇద్దరిలోనూ ఉండే అవకాశం ఎక్కువ. తలసీమియా విషయంలోనూ లెక్క ఇదే. అటువంటి వివాహం ధర్మశాస్త్రంలో అనుమతించబడినదే గాని విధించబడినది కాదు. సంబంధం కుదుర్చుకొనే ముందు ఇరువైపులా ఒక రక్తపరీక్ష చేయించుకోవడంలో ఏ అవమానమూ లేదు. ఆ పరీక్షలో తేలేది మార్పు మాత్రమే, మచ్చ కాదు.

ఆ తరువాత నా కరపత్రాన్ని దిద్ది, “లోపం” అన్న చోటల్లా “మార్పు” అని వ్రాసి మిత్రునికి పంపాను. ఆ పెద్దాయనను మళ్ళీ చూసే అవకాశం నాకు ఇంకా కలుగలేదు. కలిగితే ఇలా చెప్పాలని ఉన్నది: “పెద్దయ్యా, మీ రక్తం చెడ్డది కాదు. మీ తాతల కాలంలో జ్వరం నుండి మీ వాళ్ళను కాచిన రక్తమది. ఇప్పుడు కాలం మారింది కాబట్టి, మీ మనుమలకు పెండ్లి చూసేముందు పరీక్ష చేయించండి. మేమూ మా పిల్లలకు అదే చేస్తున్నాం.”